సినిమా చూసే ఆడపిల్లలకు తలకిందుల సలహాలు

సినిమాల్లో, నవలల్లో ఆడవాళ్ళను ఎట్లా చూపిస్తున్నారో రాయాలనుకునే పిల్లలకు పెద్దలు చెప్పే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బలమైన స్త్రీ పాత్రలున్న సినిమాలు ఎంచుకో. చెత్త సినిమాల జోలికి పోకు. నచ్చినదాన్ని మెచ్చుకో, నచ్చనిదాన్ని తిట్టు. సినిమా నడుస్తుంటే మాట్లాడకు. మా కామారెడ్డి జిల్లా రాజంపేట నుంచి కామారెడ్డికి పోయి డిగ్రీ చదివే అమ్మాయిలు వచ్చి అడిగితే నేను వీటన్నిటికీ ఎదురు చెప్తాను. "పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తున్నవమ్మా" అని నాతో పనిచేసేవాళ్ళు అంటూనే ఉంటారు. అననీయండి. ఆ తప్పుదోవలో పోతేనే చూడాల్సింది కనబడుతుందని నా నమ్మకం. అందుకే ఆ సలహాలన్నీ ఒక దగ్గర రాసి పెడుతున్నాను.

తెర చూడకండి, వినండి

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో బీడీలు చేసి ఇల్లు నడిపే ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. చూపు చేతుల మీది నుంచి కదిలితే లెక్క తగ్గుతుంది. టీవీలో సినిమా నడుస్తుంటే వాళ్ళు తెర చూసేది తక్కువ, వినేది ఎక్కువ. మధ్యలో ఒకావిడ "ఇప్పుడు ఎవరు ఏడుస్తున్నరు?" అని అడుగుతుంది. ఇంకొకావిడ తలెత్తకుండానే "తల్లే ఏడుస్తుంది, ఇంకెవరేడుస్తరు" అంటుంది. సినిమా విమర్శ అంటే ఏమిటో నేను ఆ మాట దగ్గర నేర్చుకున్నాను.

లారా మల్వీ అనే బ్రిటిష్ విమర్శకురాలు 1975లో అచ్చయిన ఒక వ్యాసంలో, సినిమా కెమెరా మగవాడి కళ్ళతో చూస్తుందని, తెర మీది ఆడమనిషి ఆ చూపు కోసమే నిలబడుతుందని చెప్పింది. గొప్ప పరిశీలన అది. దాన్ని ప్రపంచమంతా చదివింది, మీరూ చదవండి. అయితే తెర వైపు చూసే తీరిక లేనివాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన మీకు ఇంకో దారి కూడా ఉంది. ఒకసారి టీవీకి వీపు పెట్టి కూర్చుని సినిమా మొత్తం వినండి. కాగితం మీద రెండు గీతలు గీసుకోండి. ఆడమనిషి మాట్లాడినప్పుడల్లా ఒక వైపు, మగమనిషి మాట్లాడినప్పుడల్లా ఇంకో వైపు గుర్తు పెట్టండి. ఆమె ఎవరితో మాట్లాడింది, ఏం అడిగింది, ఏడుపు ఎంత, మాట ఎంత, అది కూడా రాయండి.

అమెరికా కార్టూనిస్టు ఆలిసన్ బెక్డెల్ 1985లో ఒక కార్టూన్‌లో సినిమాకు మూడు షరతులు పెట్టింది. కథలో ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకూడదు. ఆలోచన తన స్నేహితురాలు లిజ్ వాలెస్‌దని ఆమే చెప్పింది. ఈ పరీక్షకు కళ్ళు అక్కర్లేదు, చెవులు చాలు. మన దగ్గర ఓల్గా 'విముక్త' కథల్లో ఇదే పని ఎంతో లోతుగా చేసింది. సీతను తీసుకుపోయి శూర్పణఖ ముందు నిలబెట్టింది, అహల్య ముందు, రేణుక ముందు, ఊర్మిళ ముందు కూర్చోబెట్టింది. పురాణాల్లో మగవాళ్ళ వల్ల కష్టపడ్డ ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఏమవుతుందో చూపింది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కామారెడ్డిలో చదువుకునే ప్రతి అమ్మాయీ దాన్ని చదవాలి.

ముద్దు చూసి కోపం తెచ్చుకోకండి

2017లో ఐదు వారాల తేడాతో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. జులై 21న శేఖర్ కమ్ముల 'ఫిదా'. ఆగస్టు 25న సందీప్ రెడ్డి వంగా 'అర్జున్ రెడ్డి'. రెండో దాని ముద్దు పోస్టరు ఆర్టీసీ బస్సు మీద అంటించి ఉంటే కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు దాన్ని చించేశారు. పేపర్లన్నీ ఆ ముద్దు గురించే రాశాయి. ఊళ్ళల్లో పెద్దమనుషులూ ముద్దు గురించే మాట్లాడారు.

నా సలహా వేరే. ముద్దులో తప్పు వెతకకండి. ఇష్టపడ్డ ఇద్దరు ముద్దు పెట్టుకుంటే సమాజం కూలిపోదు. ఆ సినిమాలో చూడాల్సింది కాలేజీలో మొదటి రోజులు. సీనియర్ కుర్రాడు జూనియర్ల క్లాసుకు వచ్చి ఈ పిల్ల నాదని అందరికీ చెప్తాడు. ఆమెను అడగకుండానే చెంప మీద ముద్దు పెడతాడు. ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో స్నేహం చేయాలో అతనే నిర్ణయిస్తాడు. ఆ పిల్ల, ప్రీతి, గొంతు వినపడడానికి చాలాసేపు పడుతుంది. నేను చెప్పిన గీతల లెక్క ఈ సినిమాకు వేసి చూడండి, కాగితం ఒక పక్కన తెల్లగా మిగులుతుంది. పోస్టరు చించిన కోపంలో ఈ మాట లేదు. ఆ కోపం ఆడపిల్ల తరఫున వచ్చింది కాదు, ఇంటి పరువు తరఫున వచ్చింది. రెండు కోపాలూ పైకి ఒకే రకంగా కనిపిస్తాయి కాబట్టి జాగ్రత్తగా విడదీయాలి. పరువు కోసం పోస్టరు చించే చెయ్యి, ఇష్టపడి పెళ్ళి చేసుకుంటానన్న బిడ్డ మీద కూడా లేస్తుంది.

2025 మార్చిలో తెలంగాణ రాష్ట్ర మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద దర్శకులను, నిర్మాతలను, కొరియోగ్రాఫర్లను హెచ్చరించింది. కమిషన్ నోరు విప్పడం మంచిదే. కానీ పాట నాలుగు నిమిషాలు. మిగిలిన రెండు గంటల పైచిలుకులో ఆడమనిషి వద్దన్నా వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని నేర్పుతుంటే దానికి హెచ్చరిక ఎవరిస్తారు? ఆ పని ప్రేక్షకులుగా మీరు చేయాలి. చీర ఎంత జారిందో కొలవడం మానేసి, "వద్దు" అన్న మాటను కథ ఎన్నిసార్లు దాటిపోయిందో లెక్కపెట్టండి.

బలమైన పాత్ర కావాలని అడగకండి

ఈ మాటకు నాతో ఎక్కువమంది కొట్లాడతారు. విజయశాంతి 'ప్రతిఘటన' 1985లో వచ్చింది. 1990లో 'కర్తవ్యం'కు ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు దక్కింది. 1997లో 'ఒసేయ్ రాములమ్మ' చూడడానికి తెలంగాణ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు జట్లు కట్టుకుని పోయారు. ఆ సినిమాలు వాళ్ళకు ఇచ్చిన ధైర్యాన్ని నేను తక్కువ చేయను. అయినా బలం అంటే తుపాకి, లాఠీ, పెద్ద గొంతు అనుకుంటే, అవేవీ లేని కోట్లాది ఆడవాళ్ళు కథకు పనికిరాని వాళ్ళవుతారు.

పైగా బలమైన పాత్రను చూపించి, ఆ బలాన్ని కథ మధ్యలోనే లాగేసుకోవడం మన సినిమాకు బాగా తెలిసిన విద్య. 2015లో వచ్చిన మొదటి 'బాహుబలి'లో అవంతిక కత్తి పట్టిన యోధురాలు. బందీగా ఉన్న దేవసేనను విడిపించడం ఆమె బాధ్యత. హీరో శివుడు ఆమెకు తెలియకుండా చేతి మీద రంగులు వేస్తాడు, జుట్టు విప్పుతాడు, యోధురాలి బట్టలు లాగి ఆడపిల్లగా అలంకరిస్తాడు. ఆ తర్వాత దేవసేనను విడిపించే పని అతని చేతికి పోతుంది, కథ కూడా అతనితోనే పోతుంది. బలమైన పాత్ర ఉందా అని అడిగితే జవాబు "ఉంది" అనే వస్తుంది. ప్రశ్న చాలలేదు కాబట్టే ఆ జవాబు వచ్చింది. పని ఎవరిది, చివరికి ఎవరు చేశారు అని అడగాలి.

బలం లేని మనిషి కథ ఎంత గొప్పగా ఉంటుందో తెలియాలంటే బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి' చూడండి. దొరసానితో పాటు అరణంగా దొర గడికి దాసిగా వచ్చిన ఆడబాప కమలాక్షి కథ అది. ఊడుస్తుంది, నీళ్ళు మోస్తుంది, కాళ్ళు పిసుకుతుంది, దొర పిలిస్తే పోతుంది. కడుపు పడితే తీయించుకోమంటారు. ఆమె ఎవరినీ కొట్టదు, ఉపన్యాసం ఇవ్వదు, గెలవదు. అర్చనకు ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. మా జిల్లాలో దోమకొండ గడికోట ఉంది, చూసేవాళ్ళు వచ్చి ఫోటోలు దిగిపోతారు. తెలంగాణలో ఏ గడికి పోయినా ఆ నేల ఎవరు ఊడ్చారు, రాత్రి ఎవరిని పిలిచారు అనే ప్రశ్న మనసులో పుట్టించే సినిమా 'దాసి'. ఏ 'బలమైన పాత్రా' నాలో ఆ ప్రశ్న పుట్టించలేదు.

నచ్చిన సినిమానే ఎక్కువ నిలదీయండి

చెడ్డ సినిమాను తిట్టడం తేలిక. నచ్చినదాన్ని నిలదీయడం కష్టం, కానీ అదే చేయాలి. మా జిల్లా వాళ్ళందరికీ నచ్చిన సినిమా 'ఫిదా'. బాన్సువాడ ఊరు, ట్రాక్టరు నడిపే భానుమతి. ఎన్నో ఏళ్ళు తెరమీద పనిమనుషులకు, రౌడీలకు, నవ్వించేవాళ్ళకు మాత్రమే ఇచ్చిన మన యాసను హీరోయిన్ నోట వినిపించిన సినిమా. నీలగిరి కొండల నుంచి వచ్చిన సాయిపల్లవి ఆ మాటలు తానే నేర్చుకుని తానే చెప్పింది. తండ్రిని, ఊరిని వదిలి అమెరికా రానని భానుమతి అంటే, చివరికి కుర్రాడే ఆమె ఊరికి వస్తాడు. ఇల్లరికం అంటే మగవాడికి చిన్నతనమని చెప్పే సమాజంలో అది చిన్న ముగింపు కాదు. తండ్రిగా వేసిన సాయిచంద్ 1979లో 'మా భూమి'లో రామయ్యగా పోరాటంలోకి నడిచిన నటుడే. ఆ ముఖం చూస్తే ఈ నేల చరిత్ర కళ్ళముందు కదులుతుంది.

ఇంత ఇష్టం ఉంది కాబట్టే అడుగుతున్నాను. భానుమతికి ఒక అక్క ఉంది, రేణుక. ఆమె పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళిపోతుంది. ఆమెకు తండ్రి లేడా, ఊరు లేదా? చెల్లెలు వెళ్ళనంటే అది కథ అయింది. అక్క వెళ్ళిపోతే అది ఆచారం అయింది, కెమెరా ఆమె మనసులోకి తొంగి చూడలేదు. భానుమతి అందరిలాంటి పిల్ల కాదని సినిమా పదేపదే చెప్తుంది. ఒక ఆడపిల్లను ఆకాశానికెత్తడానికి మిగతా ఆడపిల్లలందరినీ మామూలు వాళ్ళను చేయడం నాకు మింగుడు పడదు. ఇంకో సంగతి. 'ఫిదా'లో విమానం అమెరికాకు పోతుంది. మా పల్లెల నుంచి ఎక్కువమంది పోయేది దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి. మొగుడు గల్ఫ్‌లో ఉంటే పొలం, అప్పు, చిట్టీ, పిల్లల ఫీజులు, అత్తమామల మందులు ఒక్క చేత్తో నడిపే ఆడవాళ్ళు ఇక్కడ వాడకొకరు దొరుకుతారు. గల్ఫ్ కథ తెరకెక్కినా బాధ పోయినవాడిదే అవుతుంది, ఎదురుచూపు మాత్రం ఆమెకు వస్తుంది. ఆమె నడిపిన లెక్క ఎవరూ చూపించరు.

అదే దర్శకుడు 2021లో 'లవ్ స్టోరీ' తీశాడు. ఈసారి ఆర్మూరు. ఇంట్లోనే బాబాయి చేతిలో చిన్నప్పుడు వేధింపు పడ్డ మౌనిక కథను వ్యాపార సినిమాలో చెప్పడం సాహసమే, దానికి ఆయనకు దండం పెట్టాలి. అయితే చివరి పోరాటం ప్రేమించినవాడికీ బాబాయికీ మధ్య జరుగుతుంది. అన్యాయం ఆమెకు జరిగింది, తేల్చుకోవడం మగవాళ్ళ వంతు అయింది.

ఇక 'బలగం'. 2023 మార్చిలో వచ్చిన ఈ సినిమాను తెలంగాణ ఊళ్ళల్లో తెరలు కట్టి చూపించారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలు వచ్చాయి. నేనూ ఏడ్చాను. ఏడ్చి, తర్వాత ఆలోచించాను. బావకూ బావమరిదికీ మూలుగు బొక్క దగ్గర మాట పట్టింపు వచ్చింది. శిక్ష ఎవరికి పడింది? బావ భార్య, ఆ ఇంటి ఆడబిడ్డ లక్ష్మికి. ఆ తర్వాత తండ్రి బతికున్నన్ని నాళ్ళు ఆమె పుట్టింటి గడప తొక్కలేదు. బొక్క గురించి ఆమె ఏమీ అనలేదు, గొడవ పెట్టుకోలేదు, అయినా ఏళ్ళకేళ్ళు పోగొట్టుకున్నది ఆమె. చివర అందరూ కలిసినప్పుడు మగవాళ్ళు ఒకరినొకరు క్షమించుకుంటారు. లక్ష్మిని "నీ ఇన్నేళ్ళకు మేం ఏం ఇవ్వగలం?" అని అడిగినవాళ్ళు లేరు. రాజంపేటలో ఈ కథ చెప్పి "మీ ఇంట్ల లక్ష్మి ఎవరు?" అని అడిగిచూడండి. మొగుడి పట్టింపుకో, అన్న పట్టింపుకో పుట్టింటికి పోలేని ఆడవాళ్ళ పేర్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

గుండమ్మ పక్షం వహించండి

1962 నాటి 'గుండమ్మ కథ'లో ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్ ఉన్నారు. అయినా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. భర్త లేని మనిషి, ఆస్తి తానే చూసుకుంటుంది, మాటలో ఎవరికీ తగ్గదు. సవతి కూతురిని చాకిరీతో చంపుతుంది, అది తప్పే, ఆ తప్పును నేను కప్పిపుచ్చను. కానీ కథ ఆ తప్పును సరిదిద్దడంతో ఆగలేదు. ఆమె అధికారాన్ని ఊడదీసింది. ఆమె కూతురు సరోజ గర్వాన్ని ఒళ్ళు వంచి పని చేయించి అణిచింది. పని చేసి బతికే ఆడవాళ్ళకు ఆ పనినే శిక్షగా చూపిస్తే ఎట్లా ఉంటుందో కూడా ఆలోచించండి. గయ్యాళి అని పేరు పెట్టిన ప్రతి పాత్ర దగ్గరా ఆగి, ఆమె చేతిలో ఏ అధికారం ఉంది, కథ దాన్ని ఎవరి చేతికి మార్చింది అని అడగండి. తెలుగు సినిమాలో ఆస్తి పత్రాలు చేతిలో ఉన్న ఆడమనిషి మంచిదిగా మిగలడం అరుదు.

అధికారం లాగే వయసు కూడా తెర మీద మగవాళ్ళకు ఒక లెక్క, ఆడవాళ్ళకు ఇంకో లెక్క. ఆ సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. 1972లో 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా వేసిన శ్రీదేవి 1979లో 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్.

ప్రేమ నవలల్ని ఎగతాళి చేయకండి

మహిళా రచయిత్రుల సీరియల్ నవలలంటే పగటి కలలని చిన్నచూపు చూసిన విమర్శకులు చాలామంది. వాళ్ళ మాట వినకండి. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' పట్టుకుని వంటింట్లో కూర్చున్న ఆడవాళ్ళు, ఉద్యోగం చేసే ఆడపిల్ల ఆత్మగౌరవం కోసం పంతం పట్టడం మొదటిసారి చదివారు. కారున్న హీరో ఉన్నాడు నిజమే, ఆ హీరో ముందు తలవంచని అమ్మాయి కూడా ఉంది. ఆ అలవాటుతో చదివిన పాఠకురాళ్ళే తర్వాత రంగనాయకమ్మను చదివారు, 1987లో వచ్చిన ఓల్గా 'స్వేచ్ఛ'ను చదివి కొట్లాడుకున్నారు. మీ అమ్మ, అమ్మమ్మ పాత వారపత్రికల్లో నుంచి చింపి కుట్టుకున్న సీరియల్ నవలలు ఇంట్లో ఉంటే పారేయకండి.

అందరూ లేచిపోయాక కూర్చోండి

టాకీసులో చివరి పేర్లు పడేటప్పుడు లేవకండి. ఎవరు తీశారో, రాశారో, కూర్చారో చదవండి. భానుమతి 1953లోనే 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసినప్పుడు సంగీతం పి. లీలకు అప్పగించింది. విజయనిర్మల 44 సినిమాలకు దర్శకురాలై గిన్నిస్ బుక్‌కు ఎక్కింది, తెలుగులో ఆమె మొదలుపెట్టింది 1973లో యద్దనపూడి 'మీనా'తో. ఇంత దారి వేసి ఉన్నా ఇప్పటికీ దర్శకుల పేర్లలో ఆడవాళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సి రావడం అన్యాయం. అట్లాగని ఆడమనిషి తీసిందని ఏ సినిమానూ ఊరికే వదిలిపెట్టకండి, అదే కాగితం, అవే గీతలు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' అచ్చు వేసింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి పోయి, కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి తెచ్చారు. తుపాకి పట్టిన కథతో పాటు, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పుడు పడ్డ బాధ కూడా అందులోకి వచ్చింది. అది బయటికి రావడానికి గొప్ప సిద్ధాంతం కన్నా ముందు పక్కన కూర్చుని వినడం కావాల్సి వచ్చింది.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ వారమే మీ వాడలో బీడీలు చేసే ఒక పెద్దమ్మ దగ్గర కూర్చోండి. ఆకు కత్తిరించడంలో సాయం చేయండి, ఖాళీ చేతులతో పోకండి. ఆమె విన్న సినిమా ఒకటి చెప్పమనండి. ఏ పాత్ర మీద కోపం వచ్చింది, ఎక్కడ అబద్ధం అనిపించింది, తానైతే ఏం చేసేది అని అడగండి. మధ్యలో సరిదిద్దకండి. పేరు వద్దంటే పేరు తీసేయండి. రాసిన తర్వాత ముందు ఆమెకే చదివి వినిపించి, ఒప్పుకుంటేనే పత్రికకు పంపండి. ఫిదాకూ లవ్ స్టోరీకీ ఊళ్ళు ఇచ్చిన ఈ ప్రాంతం నుంచి, ఆ సినిమాల మీద ఇక్కడి ఆడవాళ్ళ మాట కూడా అచ్చులోకి రావాలి. దయచేసి ఆలస్యం చేయకండి.